పిట్స్‌బర్గ్‌లో, నది ఒడ్డున బేస్‌బాల్

పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి దర్శనం చేసుకున్నాక, ఈసారి తిరుగు ప్రయాణానికి ముందు పీఎన్‌సీ పార్కులో పైరేట్స్ జట్టు ఆట కూడా చూశాము. 2001లో అలెగెనీ నది ఒడ్డున ప్రారంభమైన ఈ స్టేడియానికి నగరం వైపు నుంచి రాబర్టో క్లెమెంటే వంతెన మీదుగా నడిచి వెళ్లడమే మేలు; ఆట ఉన్న రోజుల్లో ఆ పసుపుపచ్చ వంతెన మీద వాహనాలను ఆపేస్తారు కాబట్టి, నలుపు పసుపు చొక్కాల జనంతో కలిసి పిల్లలను నిశ్చింతగా నడిపించుకుపోవచ్చు.

కుడివైపు సరిహద్దు గోడ ఎత్తు 21 అడుగులు. అది క్లెమెంటే చొక్కా మీది అంకె. ప్యూర్టోరికోలో పుట్టి, ఈ జట్టుకే ఆడి సరిగ్గా 3,000 హిట్లు (బంతిని కొట్టి అవుట్ కాకుండా బేస్ అనే మజిలీకి చేరుకోవడం) సాధించిన ఆయన, 1972 డిసెంబరు 31న నికరాగ్వా భూకంప బాధితులకు సహాయ సామగ్రి తీసుకువెళుతూ విమాన ప్రమాదంలో మరణించారు. ఒక ఆటగాడి అంకెను గోడ కొలతగా నిలపడం, నా దృష్టిలో, విగ్రహం పెట్టడం కన్నా పెద్ద గౌరవం.

మా ముందు వరుసలో ఒక పెద్దాయన స్కోరు కార్డు మీద పెన్సిలుతో ‘6-4-3’ అని రాసుకున్నారు. ఇవి ఫీల్డర్ల స్థానాలకు ఇచ్చిన అంకెలు: షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్, 6) నుంచి రెండో బేస్‌కు (4), అక్కడి నుంచి మొదటి బేస్‌కు (3) బంతి చేరి ఇద్దరు అవుటయ్యారని దాని అర్థమట. క్రికెట్ తప్ప మరో ఆట ఎరుగని మా అబ్బాయికి ఆయన ఎంతో ఓపికగా విడమరిచి చెప్పారు. వెళ్లదలచినవారు మూడో బేస్ వైపు పై అంతస్తులో టికెట్లు తీసుకోండి. ఆటతో పాటు వంతెన, నగరం కూడా ఎదురుగా కనిపిస్తాయి.