బండికి పొల్యూషన్ వాల్వ్ పీకించి, మళ్లీ పెట్టుకున్న నా అనుభవం

నాది 2013లో కొన్న 150 సిసి బండి. బీఎస్-3 అనే పాత పొల్యూషన్ నిబంధనల కాలం నాటిది, గాలినీ పెట్రోలునీ కలిపి ఇంజిన్‌కి పంపే కార్బురేటర్ ఉన్న మోడల్. ఇప్పటికి 78 వేల కిలోమీటర్లు తిరిగింది. రామంతాపూర్ నుంచి సికింద్రాబాద్‌లో ఆఫీసుకు రోజూ దాని మీదే వెళ్లి వస్తాను. కొత్త బండి కొనుక్కోమని ఇంట్లో చాలాసార్లు అన్నారు కానీ నాకు మనసు ఒప్పలేదు. ఇంజిన్ ఇంతవరకు విప్పలేదు, పొగ లేదు, ఆయిల్ తినదు.

పోయిన ఎండాకాలం దానికి ఒక జబ్బు పట్టుకుంది. తార్నాక ఫ్లైఓవర్ దిగుతూ రేస్ వదిలేస్తే చాలు, సైలెన్సర్‌లో పట్ పట్ పటామని పేలేది. పక్కన వెళ్లేవాళ్లు ఉలిక్కిపడి చూసేవాళ్లు. సిగ్నల్ దగ్గర ఆగితే రేస్ దానంతటదే పెరిగి, మళ్లీ పడిపోయి, ఒక్కోసారి ఇంజిన్ ఆగిపోయేది. హబ్సిగూడ సిగ్నల్‌లో పచ్చ లైటు పడ్డాక బండి స్టార్ట్ కాకపోతే వెనక హారన్లు ఎలా మోగుతాయో మీకు చెప్పక్కర్లేదు. రోజూ ఆ సిగ్నల్ వస్తోందంటే టెన్షన్‌గా ఉండేది. మైలేజి 50 నుంచి 43కి పడింది. ప్లగ్ విప్పి చూస్తే కాఫీ రంగులో ఉండాల్సిన మూతి సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

ప్లగ్ తెల్లగా ఉందంటే పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైందని అర్థం. పెట్రోలు పూర్తిగా మండడానికి ఒక పాలు పెట్రోలుకి బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. గాలి అంతకంటే మరీ ఎక్కువైతే మంట సరిగా అంటుకోదు, రేస్ నిలవదు. ఈ సంగతి నాకు అప్పటికే తెలుసు. ఆ గాలి ఎక్కడినుంచి వస్తోందో మాత్రం తెలియలేదు.

మా వీధి చివర మెకానిక్ అన్న కార్బురేటర్ విప్పి కడిగాడు, టాపెట్లు చూశాడు, కొత్త ప్లగ్ వేశాడు. రెండు రోజులు బాగుండి మళ్లీ మొదటికొచ్చింది. మూడోసారి వెళ్లినప్పుడు ట్యాంకు కింద ఉన్న నల్ల డబ్బా, అంటే పొల్యూషన్ వాల్వ్, చూపించి, "తమ్మీ, ఇదే అసలు దొంగ. పొల్యూషన్ కోసం కంపెనీ వాళ్లు పెడతారు, బండిని బిగబట్టి ఉంచుతుంది. తీసేస్తే బండి ఫ్రీ అయితది" అన్నాడు. చాలామందికి తీశానని కూడా చెప్పాడు. విసిగిపోయి ఉన్నాను, తీసెయ్యమన్నాను.

పని అరగంటలో అయిపోయింది. డబ్బా నుంచి సిలిండర్ హెడ్‌కి, సరిగ్గా ఎగ్జాస్ట్ వాల్వ్ బయటివైపుకి, వెళ్లే పైపు తీసి, ఆ రంధ్రానికి రేకు ముక్క కత్తిరించి ప్యాకింగ్ వేసి బిగించాడు. ఎయిర్ ఫిల్టర్ డబ్బాకి వెళ్లే పైపు చోట బిరడా కొట్టాడు. కార్బురేటర్‌కి, ఇంజిన్‌కి మధ్య ఉండే మానిఫోల్డ్ మీద సన్నటి నిపిల్ ఒకటి ఉంటుంది. దానికి తగిలించిన సన్న పైపు పీకి రబ్బరు టోపీ తొడిగాడు. ఆఖరున కార్బురేటర్ పక్కనున్న స్క్రూ చుట్టున్నర విప్పి పెట్రోలు పెంచాడు. డబ్బా నా చేతిలో పెట్టి, "పారెయ్" అన్నాడు. ఎందుకో పారెయ్యలేదు. సంచిలో వేసి మెట్ల కింద పెట్టాను.

బండి బాగైంది. ఫ్లైఓవర్ దిగుతుంటే ఒక్క చప్పుడు లేదు. సిగ్నల్‌లో రేస్ గడియారంలా నిలబడింది. ఆఫీసులో ఇద్దరికి చెప్పాను కూడా, ఆ డబ్బా తీయించండి అని. ఆ మాట గుర్తొస్తే ఇప్పుడు బాధేస్తుంది. వాళ్లలో ఒకతను నిజంగానే తీయించుకున్నాడు.

నెలన్నర తర్వాత పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు అయిపోయింది. బీఎస్-3 బండికి ఆరు నెలలకోసారి చేయించాలి. పెట్రోల్ బంకు పక్కన నిలిపే వ్యాన్ దగ్గరికి వెళ్లాను. కుర్రాడు సైలెన్సర్‌లో గొట్టం పెట్టి రీడింగ్ చూసి తల ఊపాడు. కార్బన్ మోనాక్సైడ్ 4.3 శాతం. నా బండి తరానికి పరిమితి 3.5 శాతం. మండని పెట్రోలు ఆవిరి, అంటే హైడ్రోకార్బన్లు, 4,500 పీపీఎం (పది లక్షల్లో 4,500 వంతులు) లోపు ఉండాలి. అది మాత్రం లోపలే ఉంది. "చుట్టు చుట్టున్నర టైట్ చేసుకుని రండి సార్, పాసవుతుంది" అన్నాడు. సర్టిఫికెట్ లేకుండా తిరిగితే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద జరిమానా పది వేల దాకా ఉంది. కానీ ఆ రోజు నన్ను పట్టుకున్నది జరిమానా భయం కాదు, ఆ 4.3 అంకె. పన్నెండేళ్లుగా ఈ బండి ఎప్పుడూ రెండు దాటలేదు. పాత సర్టిఫికెట్లు ఫైల్లో ఉన్నాయి, ఇంటికి వెళ్లి అన్నీ చూశాను.

ఆ రాత్రి సర్వీస్ మాన్యువల్ తీసుకుని కూర్చున్నాను. ఆ డబ్బా ఏం చేస్తుందో అప్పుడు గానీ తెలియలేదు. ఇంజిన్ నుంచి పొగ ఒకే ధారగా బయటికి రాదు, తోపులు తోపులుగా వస్తుంది. నిమిషానికి 6,000 చుట్లు తిరిగే నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ వాల్వ్ సెకనుకు 50 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఒక్కో తోపు వెళ్లిపోయాక దాని వెనక క్షణంపాటు పీల్పు ఏర్పడుతుంది. ఆ పీల్పుకి ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోని శుభ్రమైన గాలి కొంచెం ఎగ్జాస్ట్‌లోకి జారుతుంది. పొగ వెనక్కి తన్నకుండా మధ్యలో రేకు తలుపు లాంటి రీడ్ వాల్వ్ ఉంటుంది. లోపల మండకుండా మిగిలిన పెట్రోలు, కార్బన్ మోనాక్సైడ్ ఆ వేడిలో ఈ గాలితో కలిసి అక్కడే కాలిపోతాయి. పంపు లేదు, మోటారు లేదు. ఇంజిన్ ఊపిరితోనే పని జరిగిపోతుంది. ఇంత తెలివైన ఏర్పాటుని ఎవరు ఆలోచించారో గానీ, చదువుతుంటే ముచ్చటేసింది.

నేను గమనించిన అసలు సంగతి ఏమిటంటే, ఈ గాలి చేరేది పెట్రోలు మండిపోయిన తర్వాత, సిలిండర్ బయట. మరి అది పికప్‌ని ఎలా బిగబడుతుంది? సిగ్నల్‌లో రేస్ ఎందుకు ఊగుతుంది? ప్లగ్ ఎందుకు తెల్లబడుతుంది? మెకానిక్ అన్న చెప్పిన మాట దీనికి అతకలేదు.

జవాబు ఆ సన్న పైపులో ఉంది. రేస్ ఒక్కసారిగా వదిలినప్పుడు మానిఫోల్డ్‌లో పీల్పు బాగా పెరుగుతుంది. అదే సమయంలో మండని పెట్రోలు సైలెన్సర్‌లోకి ఎక్కువగా వస్తుంది. అప్పుడు గాలి కూడా తోడైతే అది పేలుతుంది. అలా జరగకుండా మానిఫోల్డ్ పీల్పు ఈ సన్న పైపు గుండా డబ్బాలోని సాగే పొరని లాగి, గాలి దారిని కాసేపు మూసేస్తుంది. పైపు పగిలితే పొరకి పీల్పు అందదు, దారి మూసుకోదు, పటాకులు మొదలవుతాయి. పగులులోంచి బయటి గాలి మానిఫోల్డ్‌లోకి కూడా దూరుతుంది. ఇంజిన్‌కి గాలి ఎక్కువై రేస్ ఊగుతుంది, ప్లగ్ తెల్లబడుతుంది. నా బండి జబ్బులన్నీ ఒక్క పైపులోనే ఉండొచ్చన్నమాట.

మెట్ల కింద సంచి తీసి చూశాను. సన్న పైపు పైకి బాగానే ఉంది. క్లిప్పు కింద ఉండే కొస వంచేసరికి గోరంత పొడవున నోరు తెరిచింది. పదేళ్ల ఇంజిన్ వేడికి రబ్బరు ఎండి బెరడులా అయింది.

అయినా ఊహని నమ్మదలచుకోలేదు. ఆదివారం బండి సామాన్లు దొరికే పుత్లీబౌలికి వెళ్లి, పెట్రోలునీ వేడినీ తట్టుకునే అదే సైజు పైపు అడుగున్నర, కొత్త క్లిప్పులు, ప్యాకింగ్ తెచ్చాను. మొత్తం కలిపి రెండొందలు కాలేదు. ముందు డబ్బాని పరీక్షించాను. ఎయిర్ ఫిల్టర్ వైపు నుంచి ఊదితే గాలి పోవాలి, ఇంజిన్ వైపు నుంచి ఊదితే పోకూడదు. రెండూ సరిగ్గానే ఉన్నాయి. రీడ్ మీద మసి పేరుకుని తలుపు పూర్తిగా పడకపోతే వేడి పొగ వెనక్కి తన్ని రబ్బరు పైపుల్ని కరిగిస్తుంది, అందుకే విప్పి గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టాను. తర్వాత సన్న పైపు తగిలే నిపిల్‌కి సిరంజి పెట్టి లాగితే లోపల పొర కదిలిన చప్పుడు వినిపించి గాలి దారి మూసుకుంది. డబ్బాలో ఏ లోపమూ లేదు.

మెకానిక్ అన్న బిగించిన రేకు తీసి డబ్బాని తన చోట పెట్టాను. కార్బురేటర్ స్క్రూ మాన్యువల్‌లో రాసిన చుట్లకి తెచ్చాను. ఇక మూడు రకాలుగా నడిపి చూశాను. మొదట డబ్బా ఉంచి, సన్న పైపు తగిలించకుండా, మానిఫోల్డ్‌కి టోపీ అలాగే వదిలేశాను. రేస్ నిలకడగా ఉంది కానీ ఫ్లైఓవర్ దిగితే పటాకులు పేలాయి. రెండోసారి పగిలిన పాత పైపే తగిలించాను. రేస్ ఊగింది, పటాకులూ వచ్చాయి, అచ్చం ఎండాకాలంలో లాగే. మూడోసారి కొత్త పైపు వేశాను. రేస్ కదల్లేదు. తార్నాక ఫ్లైఓవర్ పై నుంచి కింది దాకా రేస్ వదిలేసి వచ్చాను, ఒక్క పేలుడు లేదు. కింద పక్కకి ఆపి హెల్మెట్ తీసి కాసేపు ఆ ఇంజిన్ చప్పుడు వింటూ నిలబడ్డాను. ఆ సంతోషం చెప్పలేను.

మొదట్లో డబ్బా తీసినప్పుడు బండి బాగవ్వడానికి కారణం డబ్బా పోవడం కాదు. పగిలిన పైపు పోయి, దాని చోట టోపీ పడటం. గాలి దారికి రేకు బిగించడంతో పటాకులు కూడా ఆగాయి. రోగం ఒకచోట ఉంటే ఇంకోచోట కోసేశాం, తగ్గింది కాబట్టి కోసిందే రోగం అనుకున్నాం.

వ్యాన్ దగ్గరికి మళ్లీ వెళ్లాను. కార్బన్ మోనాక్సైడ్ 1.3 శాతం. ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఆ కుర్రాణ్ని బతిమాలి, మళ్లీ డబ్బు ఇచ్చి, గాలి పైపుని బిరడాతో మూసి ఇంకోసారి చూడమన్నాను. 2.9 వచ్చింది. అంటే స్క్రూ సరిగా ఉంటే డబ్బా లేకుండా కూడా నా బండి పాసయ్యేదే. కాబట్టి "పాసైంది కదా, ఏం ఫర్లేదు" అనే మాట నిజం కాదు. సర్టిఫికెట్ రెండిటికీ వస్తుంది, కానీ ఒకటి ఇంకోదానికి రెట్టింపు కంటే ఎక్కువ విషం వదులుతోంది. సిగ్నల్‌లో నా వెనక ఆగే స్కూటీ మీద ముందు నిలబడే పిల్లల్ని రోజూ చూస్తాను. వాళ్ల ముఖం నా సైలెన్సర్‌కి రెండు మూడు అడుగుల దూరంలో ఉంటుంది.

మైలేజి 49కి వచ్చింది. డబ్బా లేని నెలన్నరలో 44 ఇచ్చింది, స్క్రూ విప్పి ఉంచడం వల్ల. పికప్‌లో, డబ్బా ఉన్నా లేకపోయినా, నాకు రవ్వంత తేడా తెలియలేదు.

మీది పాత కార్బురేటర్ బండి అయ్యుండి ఇదే బాధ ఉంటే, ఎవరైనా డబ్బా తీస్తామంటే ఒక్కసారి ఆ సన్న పైపు రెండు కొసలూ వంచి చూడమనండి. తర్వాత కార్బురేటర్‌కి ఇంజిన్‌కి మధ్య ఉండే రబ్బరు బెండు, ఆ తర్వాత సైలెన్సర్ బెండ్ పైపు హెడ్‌కి కలిసేచోట ప్యాకింగ్. ఇక్కడ లీకైనా పటాకులే వస్తాయి. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 బండ్లయితే లెక్క వేరు. వాటిలో సైలెన్సర్ దారిలో ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది, పెట్రోలు ఎంత పంపాలో దాన్ని చూసే కంప్యూటర్ నిర్ణయిస్తుంది. మా బావమరిది తన బీఎస్-6 బండికి సైలెన్సర్ లోపల పొగలోని విషాన్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ కోయించుకుంటానని వచ్చాడు. వద్దని గట్టిగా చెప్పాను. ప్లాటినం, రోడియం లాంటి ఖరీదైన లోహాల పూత ఉన్న ఆ తేనెపట్టు ఒకసారి పోతే మెట్ల కింద సంచిలోంచి తెచ్చి పెట్టుకునేది కాదు.

ఆఫీసులో నా మాట విని తీయించుకున్నతనికి జరిగిందంతా చెప్పాను. అతను డబ్బా పారేశాడట. పుత్లీబౌలిలో ఒక షాపతను పాత స్టాకులో వెతికి పెడతానన్నాడు, వచ్చే ఆదివారం ఇద్దరం కలిసి వెళ్తున్నాం. మెకానిక్ అన్నకి పగిలిన పైపు చూపించాను. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ వంచి, "ఇదా!" అని, పక్కన రిపేరుకొచ్చిన ఇంకో బండి ట్యాంకు కిందకి టార్చి వేశాడు.