కుంపటి మీద తగ్గుతున్న మాంసం

మా అమ్మాయి పుట్టినరోజుకు బార్బెక్యూ రెస్టారెంటుకు వెళ్లడం కొన్నేళ్లుగా మా ఇంటి ఆనవాయితీ. మొదటిసారి గచ్చిబౌలిలో తిన్నప్పుడు మనిషికి 700 రూపాయల లోపే అయింది. మొన్న ఆదివారం రాత్రి పన్నుతో కలిపి 1,100 దాటింది.

ధర పెరిగినందుకు నాకు కోపం లేదు. కోడిమాంసం, నూనె, అద్దెలు, జీతాలు అన్నీ పెరిగాయి. అదీగాక, 2017 నవంబరు నుంచి మామూలు రెస్టారెంట్లు మన దగ్గర వసూలు చేసే జీఎస్టీ 5 శాతమే అయినా, తాము అద్దె మీద కట్టే 18 శాతం పన్నును అందులో సర్దుబాటు చేసుకునే వీలు వాటికి లేదు కనుక, ఆ భారం కూడా భోజనం ధరలోనే కలుస్తుంది.

నా బాధంతా ఊచలకు గుచ్చి తెచ్చే మాంసం గురించి. ముక్కలను వంటింట్లోనే ముందుగా కాల్చి తెచ్చి, బల్ల మధ్యనున్న కుంపటి మీద వేడిగా ఉంచడం ఈ హోటళ్లలో మామూలే. అందులో తప్పు లేదు. అయితే ఆ నిప్పులో జీవం ఉండాలి. వెన్న పూస్తే చుర్రుమనాలి, అంచులు కాస్త మాడాలి. మొన్న మా బల్ల మీది బొగ్గులు సగం బూడిదై ఉన్నాయి, చికెన్ టిక్కా పీచులా ఎండిపోయింది. బంగాళాదుంపలు, మొక్కజొన్న గింజలు, పైనాపిల్ ముక్కలు అడగకుండానే మళ్లీ మళ్లీ వచ్చాయి గాని, మటన్ సీఖ్ కబాబ్ మూడుసార్లు అడిగితే ఒక్కసారి వచ్చింది. అప్పటికే పిల్లల కడుపులు నిండిపోయాయి. వడ్డించే కుర్రవాడిని తప్పుపట్టను. అతనొక్కడే ఆరు బల్లలు చూసుకుంటున్నాడు.

నిప్పు మీద మాంసం రుచి హైదరాబాదుకు కొత్తగా ఎవరూ నేర్పనక్కరలేదు. పత్థర్ కా గోష్త్ చేసేవారు పలుచగా కోసిన మటన్‌కు పచ్చి బొప్పాయి, మసాలా పట్టించి నానబెట్టి, బొగ్గుల మీద కాగిన రాతిపలకపై కాలుస్తారు. అక్కడ ప్లేటుకు ఇంత అని ధర ఉంటుంది. ఇచ్చిన డబ్బుకు ఏమి వచ్చిందో కళ్లముందే కనిపిస్తుంది. మనిషికి ఇంత అని కట్టి కావలసినంత తినే ఈ బార్బెక్యూ బఫేలో అది తెలియదు. ధర పెంచలేని చోట మాంసం తగ్గించి దుంపలు పెంచడం సులువు. నన్నడిగితే పదిరకాల మిఠాయిలు తీసేసి, రెండు రకాల మాంసం బాగా కాల్చి పెట్టినా చాలు. ఆ 1,100 సంతోషంగా ఇస్తాను.

బిల్లుతో పాటు అభిప్రాయం రాయమని ఒక కాగితం ఇచ్చారు. మటన్ ఎన్నిసార్లు అడిగామో, ఎన్నిసార్లు వచ్చిందో అందులో వివరంగా రాసి ఇచ్చాను.