కాంప్రహెన్సివ్ వైవాలో నన్ను ముంచిన మెలిక

పాసయ్యాను. నిన్న సాయంత్రమే చెప్పారు. రెండోసారికి.

కోర్సువర్క్ గొడవ లేకుండానే అయిపోయింది. రిపోర్టు గైడ్ గారు చదివారో లేదో తెలీదు గానీ సంతకం పెట్టారు. అంశం: 1984లో వాన్ జోన్స్ ముడులకు కనిపెట్టిన పాలినామియల్ (ముడిని బట్టి వచ్చే బీజగణిత సమాసం, ముడులను వేరుచేసి చూపడానికి), దాన్ని 1989 పేపర్‌లో విటెన్ చెర్న్-సైమన్స్ అనే క్వాంటం ఫీల్డ్ సిద్ధాంతం నుంచి రాబట్టిన తీరు.

మొదటి వైవాలో ఆ సిద్ధాంతపు పాత్ ఇంటిగ్రల్ (అన్ని ఫీల్డుల మీదా వేసే కూడిక) రాసి, "ఇందులో మెట్రిక్ లేదు, దూరాలతో కోణాలతో పనిలేదు. విల్సన్ లూప్, అంటే ఫీల్డులో గీసిన మూసిన గీత, దాని విలువంతా అది ఎలా ముడిపడిందన్న దాని మీదే" అని దర్జాగా చెప్పాను. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్నాడు. తలెత్తి, ట్రెఫాయిల్‌కి కాఫ్‌మన్ బ్రాకెట్ (ముడి బొమ్మ నుంచి జోన్స్ పాలినామియల్ లెక్కగట్టే పద్ధతి) వెయ్యమన్నాడు. తాడుకు ఒంటిముడి వేసి రెండు కొసలూ కలిపేస్తే అదే ట్రెఫాయిల్. మూడు క్రాసింగులు, ఒక్కోదాన్నీ రెండు రకాలుగా విప్పాలి, మొత్తం 8 బొమ్మలు. తప్పు లేకుండా వేశాను.

ఆయన లేచొచ్చి నా బొమ్మలో ఓ మూల గీతను చిన్న మెలిక తిప్పాడు. "ఇప్పుడు?"

"ముడి మారలేదు సార్, జవాబూ మారదు."

"వేసి చూడమ్మా."

వేశాను. మొత్తానికి −ఎ³ వచ్చి అతుక్కుంది (ఎ అంటే బ్రాకెట్‌లోని చలరాశి). మళ్ళీ వేశాను, మళ్ళీ అదే. అప్పుడు గుర్తొచ్చి, రైత్ (క్రాసింగులకిచ్చే +1లూ −1లూ కూడితే వచ్చే సంఖ్య) లెక్కపెట్టి ఆ −ఎ³లను భాగించి తీసేశాను. ఎ నుంచి జోన్స్ వాడే టి లోకి మారిస్తే టి + టి³ − టి⁴ వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను.

"ఆ దిద్దుబాటు నువ్వు చేత్తో చేశావు. పైన రాసిన ఇంటిగ్రల్‌లో దాన్నెవరు చేస్తారు? ముడి ఒక్కటే చాలన్నావుగా?"

నోట మాట రాలేదు. చాక్‌పీస్ పట్టుకుని అలా నిలబడిపోయాను. మా గైడ్ గారు కిటికీ వైపు చూస్తున్నారు. ఒక్క మాట అందించొచ్చుగా? అందించలేదు. "మూడు నెలల తర్వాత రండి" అన్నారు.

ఇంటికెళ్ళాను. అక్క కూతురికి జడ వేస్తుంటే రిబ్బన్ చుట్ట తిరిగింది. రెండు కొసలూ పట్టుకు లాగితే చుట్ట పోయింది గానీ రిబ్బన్ మీద ఒక పూర్తి నులి మిగిలిపోయింది. అదే దారమైతే ఏ గుర్తూ మిగిలేది కాదు. దువ్వెన పక్కన పడేసి విటెన్ పేపర్ తీశాను. లూప్ తనతో తాను ఎన్నిసార్లు పెనవేసుకుందో లెక్కపెట్టబోతే అర్థం లేని మాటవుతుంది. అందుకే ఆయన లూప్‌ని కొంచెం పక్కకు జరిపి రెండో గీత గీస్తాడు, దాన్నే ఫ్రేమింగ్ అంటాడు. అంటే దారం కాదు, రిబ్బనే. రిబ్బన్‌కి ఒక నులి ఎక్కితే ఎస్‌యూ(2) అనే సిమెట్రీ గ్రూపు తీసుకుని లూప్ మీద స్పిన్ అర పెడితే, దాని విలువ క్యూ పవర్ 3/4తో గుణించబడుతుంది. క్యూ అంటే ఇ పవర్ 2πఐ/(కె+2), ఇందులో కె సిద్ధాంతంలోని ఒక పూర్ణాంకం. ఎ⁴ దగ్గర క్యూ పెట్టుకుంటే అది ఎ³! మైనస్ గుర్తు కోసం ఇంకో రెండు రోజులు పోయాయి, అది వేరే గొడవ.

పేపర్ తెరవగానే ముందు చూడాల్సింది ముడిలేని లూప్‌కి విలువెంత పెట్టుకున్నారన్నది. జోన్స్ దగ్గర 1, విటెన్ దగ్గర క్యూ^½ + క్యూ^−½. రెండూ కలిపేసి నేను వారం పాడుచేసుకున్నాను. సీనియర్ల నోట్సు మాత్రం నమ్మకండి, మా సీనియర్ నోట్సులో ఎడమచేతి ట్రెఫాయిల్‌నే కుడిచేతిది (అద్దంలో దాని బొమ్మ) అని రాసుంది.

నిన్న బ్యాగులోంచి రిబ్బన్ తీసి బల్లమీద పెట్టి మొదలుపెట్టాను. ఆ ఎగ్జామినరే. ఈసారి ఫోన్ జేబులోనే ఉంది. అద్దంలో బొమ్మకీ అసలుకీ తేడా జోన్స్ పాలినామియల్ ఎప్పుడూ పట్టుకుంటుందా అన్నాడు. ట్రెఫాయిల్‌కి పట్టుకుంటుంది, 9₄₂ (తొమ్మిది క్రాసింగుల ముడుల పట్టికలో 42వది) దగ్గర ఓడిపోతుంది, పెద్ద స్పిన్‌లతో వేస్తే ఆ తేడా దొరుకుతుందని 1994లో మన చెన్నైలోనే రామాదేవి, గోవిందరాజన్, కౌల్ చూపించారని చెప్పాను. దీని మీద ఆయనేమీ అడగలేదు. నేను మాత్రం అడక్కుండానే ఇంకో ఐదు నిమిషాలు చెప్పాను.

రిబ్బన్ అక్కడే మర్చిపోయాను. ఫారం మీద మూడో సంతకం మిగిలింది, సెక్షన్ వాళ్ళు సోమవారం రమ్మన్నారు.