చెత్త డబ్బాకి పస్తులు

ఆదివారం. పొద్దున్నే రెండు పాల కవర్లు. అత్తయ్య కవరు మూలని ఎప్పుడూ పూర్తిగా కత్తిరించరు. గాటు పెట్టి, ఆ ముక్క కవరుకే వేలాడేలా వదిలేస్తారు. అది ఊడితే పాత సామాన్లవాళ్ళు కూడా ఏరుకోరు, సింకులోంచి నేరుగా నాలాలోకే. కవరు కడిగిన నీళ్ళు కరివేపాకు కుండీకి, కవరేమో బాల్కనీ తీగ మీదికి. నెలాఖరున పేపర్లతో పాటు తూకానికి వేస్తాం. వచ్చేది చిల్లరే. అయినా కడిగి ఆరబెడితేనే తీసుకుంటాడు, పాలవాసన కొడితే పక్కన పడేస్తాడు.

తర్వాత ఎర్రగడ్డ రైతుబజారు. పాత నూలు చీరతో కుట్టిన చిన్న సంచులు పట్టుకెళ్ళాను, టమాటాలకొకటి, పచ్చిమిర్చికొకటి, ఆకుకూరలకొకటి. 120 మైక్రాన్ల కన్నా పల్చటి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు వాడకూడదని 2022 డిసెంబరు 31 నుంచీ నిబంధన ఉంది. ఊదితే ఎగిరిపోయే కవర్లు బజార్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. అమ్మేవాళ్ళని అనేం లాభం, చేతులూపుకుంటూ వచ్చి కవరివ్వమని అడిగేది మనమేగా! సంచి తెరిచి పట్టుకుంటే ఆకుకూరలామె "నీకు కవరు ఖర్చు లేదమ్మా" అంటూ కొసరుగా గుప్పెడు కొత్తిమీర పడేసింది.

లేత బీరకాయలు దొరికాయి. అంటే ఒక ఖర్చుకి రెండు వంటకాలు. తొక్కు నూనెలో మగ్గబెట్టి, వేయించిన మినప్పప్పు, ఎండుమిర్చి, కాస్త చింతపండుతో నూరితే మా ఇంట్లో కూర కన్నా ముందు పచ్చడి గిన్నే ఖాళీ. కొత్తిమీర కాడలు చారులోకి, పిండేసిన నిమ్మచెక్కలు ఇత్తడి కుందులు తోమడానికి. ఇవన్నీ అత్తయ్యకి పుట్టింటి నుంచి వచ్చిన అలవాట్లే. ఈమధ్య చెత్త తగ్గించడానికంటూ వెదురు బ్రష్షులూ స్టీలు స్ట్రాలూ కొనమంటున్నారు. ఇంట్లో చెత్త తగ్గాలంటే ముందు కొత్త సామాను రావాలా?

మిగిలిన తొక్కలు ఎరువు కోసం మేడమీది బకెట్లోకి. ఓనరుగారు రంగులు వేయించినప్పుడు పారేయబోయిన పెయింటు బకెట్ అది. మేకు కాల్చి చుట్టూ బెజ్జాలు పెట్టాం. తొక్కలు ఒక వంతు వేస్తే ఎండాకులు రెండు వంతులు. కంపు కొట్టిందంటే తడి ఎక్కువైనట్టు, ఇంకో రెండు గుప్పెళ్ళ ఆకులు వేసి కలిపితే సర్దుకుంటుంది. మధ్యమధ్య పుల్ల మజ్జిగ చిలకరిస్తాను. కొబ్బరిపొట్టు ఇటుకలు కొనుక్కోమని సలహాలిస్తారు గానీ, వాచ్‌మన్ ఊడ్చే వేపాకులు ఊరికే వస్తుంటే ఎందుకు? ఇప్పుడు చెత్త ఆటోకి రోజూ పరిగెత్తే పని లేదు. ఆటోలన్నీ నింపుకుని చివరికి చేరేది జవహర్‌నగర్ చెత్తగుట్టకేగా. ఆ గుట్టలోంచి కారే మురుగుతో దగ్గర్లోని మల్కారం చెరువు పాడైపోయింది. మన వంటింటి తడి చెత్త కుళ్ళితే వచ్చే మురుగే అది.

పొదుపుకీ చెత్త తగ్గించడానికీ ప్రతిసారీ పొత్తు కుదరదు. గానుగ దగ్గరికి సీసా పట్టుకెళ్తే అందులోనే నూనె పోసిస్తారు, ప్యాకెట్ గొడవుండదు. కానీ ఆ ధర మా నెల ఖర్చుల్లో ఇమడదు. ప్యాకెట్ నూనే తెస్తున్నాం.

సాయంత్రం మా ఆయన కిరాణా కొట్టు నుంచి షాంపూ ప్యాకెట్ల దండ తెచ్చారు. "సీసా కన్నా ఇదే చవక, పైగా సీసాలోంచైతే చేతికి ఎంతొస్తే అంత వంపేస్తాం" అన్నారు. లెక్క వేసి చూశాను, నిజమే. అయితే ఆ ప్యాకెట్లలో పొరలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. విడదీసి కరిగించడం కుదరదు, తూకానికి వేస్తే ఎవరూ తీసుకోరు. ఆఫీసు రోజుల్లో కుంకుడుకాయలు పిసుక్కుంటూ కూర్చోలేను కూడా. కాసేపు వాదించుకుని ఒప్పందానికొచ్చాం. ఆదివారం తలంట్లకి కుంకుళ్ళు, మిగతా రోజులకి ఆ దండ. పిప్పి ఎలాగూ బకెట్లోకి పోతుంది. కాయలు కొట్టి గింజలు తీసే పని మాత్రం ఆయనదే.