కందుకూరి సమాధికి పావుకిలో బంతిపూలు

మా నాన్నగారు కోనసీమ తీర్థాల్లో, శ్రీరామనవమి పందిళ్లలో నలభై ఏళ్లు హరిశ్చంద్రుడి వేషం కట్టారు. మొహానికి అర్దళం రాసుకునే ముందు కళ్లు మూసుకుని ‘పంతులుగారికి దణ్ణం’ అనేవారు. ఆ పంతులుగారు కందుకూరి వీరేశలింగం అని చాలా ఏళ్లకు గానీ నాకు తెలీలేదు. నాన్న పోయి ఏడాదైంది. ఆయన తరఫున ఒకసారి ఆ దణ్ణం నేను పెట్టి రావాలనిపించింది.

ఏప్రిల్ 16 పంతులుగారి జయంతి, తెలుగు నాటకరంగ దినోత్సవం కూడా. ఆ రోజు జనం ఉంటారని మర్నాడు బయల్దేరాను. రావులపాలెం వంతెన మీద గౌతమి దాటి, కడియపులంకలో దిగి పావుకిలో బంతిపూలు తీసుకుని మళ్లీ రాజమండ్రి బస్సెక్కాను.

1880లో ధార్వాడ నాటక సమాజం రాజమండ్రి వచ్చి, నాటకాలాడి వెళ్లిపోయింది. వాళ్లు వేసిన పాక మిగిలింది. పంతులుగారు తన శిష్యులకు వేషాలు కట్టించి ఆ పాకలోనే నాటకం ఆడించారు. ప్లీడర్ల మోసాల మీద రాసిన ‘వ్యవహార ధర్మబోధిని’ని వాళ్లతో ఆడించిందీ ఆ ఏడాదే. నాన్న బృందానికీ సొంత తెర ఎప్పుడూ లేదు, అద్దెకు తెచ్చుకునేవారు. అందుకేనేమో, ఆ పాక సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోయేది.

1893లో పంతులుగారికి రావుబహదూర్ బిరుదు వచ్చింది. గద్య తిక్కన అన్నారు. ఊరికి టౌన్‌హాలు కట్టించారు, ఉన్న ఆస్తి తాను పెట్టిన హితకారిణి సమాజానికి రాసిచ్చేశారు. నాకు మాత్రం ఆయన పుట్టినరోజు వేషగాళ్లందరికీ పండుగ కావడమే అన్నిటికంటే పెద్ద గౌరవం.

1919లో ఆయన పోయింది మద్రాసులో. సమాధి మాత్రం ఇక్కడే, ఆనందోద్యానంలో, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారి సమాధితో పాటు. విగ్రహారాధన ఒప్పుకోని బ్రహ్మసమాజికి పూలెందుకని కాసేపు తటపటాయించాను. కానీ రాజ్యలక్ష్మమ్మగారు గుర్తొచ్చారు. 1881లో మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు వంటవాళ్లూ నీళ్లవాళ్లూ రామంటే, ఆవిడే గోదావరి నుంచి నీళ్లు మోసి వండి పెట్టారు. నాటకం అయిపోయి నాన్న తెల్లారగట్ల ఇంటికొస్తే, అప్పటిదాకా తినకుండా కూర్చుని ఉండే మా అమ్మ కళ్లముందు మెదిలింది. ముందు ఆవిడకే రెండు గుప్పిళ్లు వేశాను. మిగిలినవి పంతులుగారికి.

చేతులు జోడిస్తే నోట్లోకి కాటిసీను పద్యం వచ్చింది. నాకు పెద్ద గొంతు లేదు, మెల్లగానే పాడాను. నాన్న దమ్ము తీసుకునే చోటికొచ్చేసరికి ఆగిపోయాను.

మొక్కలకు నీళ్లు పడుతున్న పెద్దాయన పైపు కింద పెట్టి దగ్గరికొచ్చారు.

“హరిశ్చంద్ర కడతారాండీ?”

“నేను కాదండీ, మా నాన్నగారు” అన్నాను.