1977 నెంబర్ వన్ ఆల్బమ్‌ల మీద మా పంచాయితీ

అమెరికాలో 1977లో బిల్‌బోర్డ్ అనే సంగీత పత్రిక వారం వారం వేసే ఆల్బమ్ అమ్మకాల పట్టికలో మొదటి స్థానం దక్కించుకున్నవి ఏడే ఏడు. స్టీవీ వండర్ ‘సాంగ్స్ ఇన్ ద కీ ఆఫ్ లైఫ్’, ఈగిల్స్ ‘హోటల్ కాలిఫోర్నియా’, పాల్ మెకార్ట్‌నీ బృందం ‘వింగ్స్ ఓవర్ అమెరికా’, ‘ఎ స్టార్ ఈజ్ బార్న్’ సినిమా పాటలు, ఫ్లీట్‌వుడ్ మాక్ ‘రూమర్స్’, ‘బారీ మానిలో లైవ్’, లిండా రాన్‌స్టాట్ ‘సింపుల్ డ్రీమ్స్’. వీటిలో ఉత్తమమైనది ఏదో తేల్చాలని న్యూజెర్సీలో మా బావగారి ఇంట్లో కూర్చున్నాము. ఒక సాయంత్రం సరిపోతుందని ఆయన అంచనా. చలికాలం గడిచిపోయింది.

బావగారు 1975లో చదువుకోవడానికి ఈ దేశం వచ్చారు. చేతిలో నాలుగు డాలర్లు మిగిలితే రికార్డు కొనేవారట. అవన్నీ అట్టలు నలగకుండా ఇప్పటికీ ఉన్నాయి. అక్కయ్యకు మాత్రం 1977 అంటే విజయవాడలో చూసిన ‘అడవి రాముడు’. ఈ పాటలన్నీ ఆమె పెళ్ళయి ఇక్కడికి వచ్చాక విన్నవే. నేను వచ్చేనాటికి సీడీల రోజులు. వీరికి తోడు ఇద్దరు మిత్రులు, కాలేజీలో చదువుతున్న బావగారి మనవడు. వాడు ‘రూమర్స్’ భక్తుడు. 2020లో ఒకాయన స్కేట్‌బోర్డు మీద జారుతూ ‘డ్రీమ్స్’ పాటకు పెదవులు కదిపిన వీడియో వచ్చి, ఆ ఆల్బమ్ మళ్ళీ మొదటి పదిలోకి చేరింది కదా, అలా పరిచయమైన తరం.

పాటల దాకా వెళ్ళకముందే తగువు మొదలైంది. ఏ దేశపు పట్టిక? మిత్రుల్లో ఒకరు లండన్‌లో ఉండి వచ్చినవారు, బ్రిటన్ జాబితా కావాలని పట్టుబట్టారు. తీరా చూస్తే అందులో ఆ ఏడాది ఆబా బృందం ‘అరైవల్’, చివర్లో సెక్స్ పిస్టల్స్ ఉన్న మాట నిజమే గానీ, మిగతాది చాలావరకు పాత గాయకుల హిట్ పాటల సంకలనాలు. మధ్యలో తోలుబొమ్మల ‘మప్పెట్ షో’ రికార్డు కూడా మొదటి స్థానంలో కూర్చుంది. ఆయనే నవ్వి తన ప్రతిపాదన వెనక్కి తీసుకున్నారు.

తర్వాతి చిక్కు పెద్దది. ఏడింటిలో నాలుగు అసలు 1976లో విడుదలైనవి. స్టీవీ వండర్ ఆల్బమ్ 1976 అక్టోబరులోనే నేరుగా మొదటి స్థానంలో అడుగుపెట్టి, 1977 జనవరిలోనూ అక్కడ కనిపించింది. ‘హోటల్ కాలిఫోర్నియా’ డిసెంబరులో వచ్చింది. “అవి పోయినేటివి తాతయ్యా, తీసేయండి” అన్నాడు మనవడు. తీసేస్తే మిగిలేది ‘రూమర్స్’, రాన్‌స్టాట్, మానిలో. వాడి తెలివి అందరికీ అర్థమైంది. విడుదల తేదీతో పని లేదు, ఆ ఏడాది ఒక్క వారమైనా మొదటి స్థానంలో ఉంటే చాలునని తీర్మానించాము. నా దృష్టిలో న్యాయం అదే. స్టీవీ వండర్ ఆల్బమ్‌లోని ‘ఐ విష్’, ‘సర్ డ్యూక్’ రెండూ విడి పాటలుగా మొదటి స్థానానికి వచ్చింది 1977లోనే. ఆ ఏడాది రేడియో వాటితోనే మోగింది.

ఎన్ని వారాలు పైన ఉందన్నదానికి మార్కులు వేయకూడదని నేను పట్టుబట్టాను. 1991లో దుకాణాల్లో బార్‌కోడ్ లెక్క మొదలయ్యేవరకు ఆ పట్టిక దుకాణాలవాళ్ళు చెప్పిన మాటల మీద ఆధారపడి తయారయ్యేది. పైగా అమ్మకం వేరు, గొప్పతనం వేరు. లేకపోతే 31 వారాలు పైన ఉన్న ‘రూమర్స్’కు పోటీయే లేదు, మేము కాఫీ తాగి ఇళ్ళకు పోవచ్చు. గ్రామీ సంగీత పురస్కారాలు అడ్డం పెట్టుకుందామా అంటే, ‘ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్’ 1977లో స్టీవీ వండర్‌కు, 1978లో ‘రూమర్స్’కు ఇచ్చారు. అక్కడా తేలలేదు.

మూడు ఆల్బమ్‌లు చప్పున పోయాయి. ‘వింగ్స్ ఓవర్ అమెరికా’ మూడు రికార్డుల కచేరీ. అందులో బీటిల్స్ పాటలకు తోటి రచయిత లెనన్ పేరు వెనక్కి నెట్టి మెకార్ట్‌నీ పేరు ముందు వేశారని అట్ట మీద చూపించి బావగారు కాసేపు కోపగించుకున్నారు. ‘ఎ స్టార్ ఈజ్ బార్న్’లో ‘ఎవర్‌గ్రీన్’ దాటితే మాకు నిలబడే పాట దొరకలేదు. మానిలో ఆల్బమ్‌లో వ్యాపార ప్రకటనల పాటలన్నీ గుదిగుచ్చిన మెడ్లీ ఒకటి ఉంది. దాన్ని అందరం రెండుసార్లు విన్నాము, ఓటు మాత్రం ఎవరూ వేయలేదు.

మిగిలిన నాలుగింటికి అక్కయ్య ఒక పద్ధతి పెట్టింది. రికార్డు రెండు వైపులా పూర్తిగా వినాలి, ముల్లు ఎత్తి నచ్చిన పాట దగ్గర పెట్టకూడదు. విన్నాక, ఆ ఆల్బమ్ తరఫున వాదిస్తున్న మనిషే దానిలోని లోపం ముందుగా చెప్పాలి. ఈ రెండో షరతు లేకపోతే మా వాదన ఇప్పటికీ అరుపుల దగ్గరే ఉండేది.

‘హోటల్ కాలిఫోర్నియా’ బావగారిది. మొదటి వైపు అదిరిపోయింది. ఆ పేరుగల పాట చివర ఫెల్డర్, వాల్ష్ గిటార్లు ఒకదానికొకటి జవాబిచ్చుకునే చోట ఎవరూ కదలలేదు. రికార్డు తిప్పాక గది వేడి తగ్గింది. “ఈ వైపు ఇంత నీరసంగా ఉందని నాకు గుర్తే లేదయ్యా” అన్నారు ఆయన. అయితే చివరి పాట ‘ద లాస్ట్ రిసార్ట్’ను నేను వెనకేసుకొచ్చాను. ప్రొవిడెన్స్ నుంచి పడమటికి నడిచి, చివరికి హవాయి దాకా వెళ్ళి, బాగున్న ప్రతి చోటునూ పాడుచేసే మనుషుల కథ అది. ఆ ఏడు నిమిషాల కోసమైనా రెండో వైపు వినాలి.

‘సింపుల్ డ్రీమ్స్’ గురించి నాకు చిన్నచూపే ఉండేది. అక్కయ్య షరతు ప్రకారం తానే మొదలుపెట్టింది: చాలా పాటలు అరువువి. ‘బ్లూ బయూ’ రాయ్ ఆర్బిసన్‌ది, ‘ఇట్స్ సో ఈజీ’ బడ్డీ హాలీది, ‘టంబ్లింగ్ డైస్’ రోలింగ్ స్టోన్స్‌ది, రెండు పాటలు వారెన్ జీవాన్‌వి. మనవడు ఇంకేముంది అన్నట్టు చూశాడు. “కీర్తన త్యాగరాజుదని బాలమురళీకృష్ణకు మార్కులు తగ్గిస్తామా?” అంది అక్కయ్య. దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. ‘బ్లూ బయూ’ ముగింపులో ఆ గొంతు పైకి వెళ్ళి నిలిచిన తీరు విన్నాక నేను వాదించడం మానేశాను.

‘రూమర్స్’ వంతు వచ్చినప్పుడు మనవడు పాటలకన్నా విడాకులు ఎక్కువ చెప్పాడు. బృందంలోని జాన్, క్రిస్టీన్ మెక్వీలు విడిపోవడం, బకింగ్‌హామ్, స్టీవీ నిక్స్ తెగతెంపులు, అదే గదిలో అదే మైకుల ముందు ఒకరి మీద ఒకరు పాటలు కట్టుకోవడం. మనం వినవలసింది రికార్డు, వాళ్ళ కాపురాలు కాదని అడ్డుపడ్డాను. ‘సిల్వర్ స్ప్రింగ్స్’ పాట కూడా లెక్కలోకి తీసుకోవాలన్నాడు. దాన్ని 1977 ఆల్బమ్‌లో చేర్చలేదు, ‘గో యువర్ ఓన్ వే’ విడి పాట రికార్డుకు వెనకవైపు వేశారు, కాబట్టి కుదరదన్నాము. ఇంత చేసినా ఆల్బమ్ తన బలం తాను చూపించుకుంది. పదకొండు పాటలు, నలభై నిమిషాలు. ముగ్గురు రచయితలు, మూడు గొంతులు, అయినా ఒకే ఇల్లు. బర్కిలీలో ఖాళీ సభాభవనంలో రికార్డు చేసిన ‘సాంగ్‌బర్డ్’తో మొదటి వైపు ముగిసి, తిప్పగానే ‘ద చైన్’ మొదలవుతుంది. ఆ అమరిక రికార్డు మీద వింటేనే తెలుస్తుంది.

స్టీవీ వండర్ నా వంతు. లోపం ఒప్పుకోవలసినదే: పొడవు. రెండు పెద్ద రికార్డులు, వాటితో పాటు నాలుగు పాటల చిన్న రికార్డు ఒకటి. చివర్లో ‘యాజ్’, ‘అనదర్ స్టార్’ ఆగవలసిన చోటు దాటి సాగుతాయి. కానీ ‘విలేజ్ ఘెట్టో లాండ్’ మాటేమిటి? సింథసైజర్ మీద రాజుల కొలువులో వాయించే తీగ వాద్యాల్లాంటి నాదం, దాని మీద ఆకలి, మురికివాడ. వెటకారమంతా వాద్యంలోనే ఉంది. జాజ్ విద్వాంసుడు డ్యూక్ ఎలింగ్టన్‌ను తలచుకునే ‘సర్ డ్యూక్’లో బాకాలన్నీ ఒక్క ఊపున పరుగెత్తేచోట బావగారి కాలు ఆడటం అందరూ చూశారు. మిగతా మూడు ఆల్బమ్‌లలో కలిపి కూడా ఇన్ని రకాల సంగీతం లేదని నా వాదన.

అందరి మార్కులూ కూడితే ‘రూమర్స్’ గెలిచింది, స్టీవీ వండర్ ఒక్క మార్కు వెనక. లండన్ మిత్రుడు పొడవుకు కోత పెట్టకపోతే ఫలితం తారుమారయ్యేది. పొడవు లోపమైతే మన హరికథలన్నీ తప్పే అని ఆయనతో ఇప్పటికీ అంటూనే ఉన్నాను. రాన్‌స్టాట్‌కు మూడో స్థానం. “రికార్డులు నావి, కాఫీ నాది, చివరి స్థానం నాదా?” అన్నారు బావగారు.

ఇప్పుడు 1978 పట్టిక ముందు పెట్టుకున్నాము. అందులో ‘సాటర్డే నైట్ ఫీవర్’ 24 వారాలు, ‘గ్రీస్’ 12 వారాలు. సినిమా ఆల్బమ్‌లకు వేరే పట్టిక పెట్టాలని మనవడు, పెడితే తాను రానని అక్కయ్య. ‘అడవి రాముడు’ పాటలు విని పెరిగిన మనిషి ముందు ఆ మాట అనకుండా ఉండవలసింది.