క్యావెన్నా నుంచి తెచ్చుకున్న రాచ్చిప్ప

నేను కొన్న మొదటి రాతిగిన్నె మొదటి రోజే పగిలింది. మిలాన్‌లో ఆదివారం సంతలో బూడిద రంగు గిన్నె ఒకటి కనబడగానే తెనాలిలో మా అమ్మమ్మ రాచ్చిప్ప గుర్తొచ్చి, బేరం కూడా ఆడకుండా తెచ్చేసుకున్నాను. ఎలక్ట్రిక్ పొయ్యి మీద పెట్టి చింతపండు పులుసు పోసి వేడి పెంచాను. పది నిమిషాలకు టప్పుమని చప్పుడు. అంచు నుంచి అడుగు దాకా వెంట్రుకంత గీత పడి, అందులోంచి పులుసు బొట్లు బొట్లుగా కారింది. పొయ్యి తుడుస్తుంటే ఏడుపొచ్చింది. అమ్మమ్మ పోయాక ఆ పులుసు రుచి మళ్ళీ నోటికి తగల్లేదు.

గిన్నె అడుగున అతికించిన కాగితం మీద వాల్‌క్యావెన్నా అని ఉంది. అంటే ఉత్తర ఇటలీలో ఆల్ప్స్ కొండల మధ్య ఉన్న క్యావెన్నా లోయ. ఆ రాయి ఎక్కడ పుడుతుందో అక్కడికే వెళ్ళి, దాన్ని వాడే పద్ధతి అడిగి, సరైనది తెచ్చుకోవాలని ఆ రాత్రే నిర్ణయించుకున్నాను.

జూన్‌లో ఒక శనివారం పొద్దున్నే మిలాన్ సెంట్రాలె స్టేషన్‌లో రైలెక్కాను. లెక్కో దాటాక దారి పొడవునా ఎడమ పక్క కోమో సరస్సు, కుడి పక్క కొండ. కోలికోలో దిగి చిన్న రైలు మారాలి. 1886లో వేసిన ఆ లైను క్యావెన్నాతో ఆగిపోతుంది, ఆ తర్వాత అన్నీ కొండలే. ఊరు సముద్రమట్టానికి 333 మీటర్ల ఎత్తులోనే ఉన్నా చుట్టూ ఆల్ప్స్ గోడల్లా నిలబడి ఉంటాయి. తూర్పు నుంచి మేరా నది, ఉత్తరం నుంచి లీరో నది వస్తాయి. మేరా వెంబడి పైకి పోతే పది కిలోమీటర్లలో స్విస్ సరిహద్దు, ఆ పైన మలోయా కనుమ. లీరో వెంబడి పోతే స్ప్లూగెన్ కనుమ. రోమన్ల కాలం నుంచి ఆల్ప్స్ దాటే వర్తకులకు ఈ ఊరే మజిలీ. ఊరి చిహ్నంలో తాళంచెవి ఉంది. ఆ రెండు దారులను చూశాక అది అక్కడ ఎందుకుందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

నాకు కావలసిన పనివాడి దుకాణం పక్కనున్న ప్రోస్తో అనే పల్లెలో ఉందని తెలుసుకుని నడుచుకుంటూ వెళ్ళాను. తలుపు మూసి ఉంది. పన్నెండున్నరకు మూస్తే మళ్ళీ మూడింటికే తెరుస్తారు. ఇటలీలో చిన్న ఊళ్ళకు వెళ్ళేవాళ్ళు ఈ సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. చేతిలో రెండున్నర గంటలున్నాయి కదా అని వెనక్కి నడిచి ఊరు చూశాను. తలుపు మూసి ఉండటమే నా అదృష్టం.

సాన్ లొరెంజో గుడిలో 1156లో చెక్కిన బాప్తిస్మపు తొట్టి ఉంది. ఒక్క రాయి, అతుకు లేదు. చుట్టూ పూజారులు, కొవ్వొత్తులు పట్టుకున్నవాళ్ళు, డేగను చేతిమీద పెట్టుకుని గుర్రమెక్కిన దొర, కమ్మరి. మనుషులంతా పొట్టిగా, పెద్ద తలలతో ఉన్నారు. దగ్గరికి వెళ్ళి చూసేసరికి ఒళ్ళు జలదరించింది. అది మా రాచ్చిప్ప రాయే! అదే బూడిద, అదే లోపలి పచ్చ ఛాయ. మనం బలపం రాయి అంటాం, వీళ్ళు పియెత్రా ఒల్లారె అంటారు. ఒల్లా అంటే లాటిన్‌లో కుండ. కుండల రాయి అన్నమాట. దాంతో చేసిన గిన్నె పేరు లవెజ్జో. కోమో ప్రాంతపు ఆకుపచ్చ రాయిని తొలిచి వంటపాత్రలు చేస్తారని మొదటి శతాబ్దంలోనే రోమన్ రచయిత ప్లినీ రాశాడు.

మధ్యాహ్నం భోజనానికి ఒక క్రొత్తోకి వెళ్ళాను. ఎప్పుడో కొండచరియలు విరిగిపడినప్పుడు పేరుకున్న బండల సందుల్లో ఏర్పడిన సహజమైన గుహలే ఈ క్రొత్తోలు. రాళ్ళ మధ్య నుంచి ఏడాది పొడవునా సుమారు ఎనిమిది డిగ్రీల చల్లగాలి వస్తుంది. దాన్ని సొరెల్ అంటారు. వైను, జున్ను, ఎండబెట్టిన మాంసం ఆ గాలిలోనే దాస్తారు. ముందు భాగంలో బల్లలు వేసి భోజనం పెడతారు. బయట ఎండ మండిపోతుంటే లోపల గోడ పగులు దగ్గర చెయ్యి పెట్టాను. మన కుండలో నీళ్ళ చల్లదనం కాదది, మంచుకొండ ఊపిరి. మాంసం లేనిది కావాలని అడిగితే తెల్ల పిత్సొక్కెరి తెచ్చారు. వెన్న, జున్ను, సేజ్ ఆకు వేసిన మెత్తటి పిండి ఉండలు. కడుపు నిండిపోయింది.

మూడింటికి ప్రోస్తోకి మళ్ళీ వెళ్ళేదారిలో కుడి వైపు కొండను చూస్తూ నడిచాను. దాని పేరు మోంతే కొంతో. దాని కింద ఒకప్పుడు పియూరో అనే సంపన్న పట్టణం ఉండేది. పట్టు వ్యాపారం, ఈ రాతిగిన్నెల వ్యాపారం దాన్ని పెంచాయి. 1618 సెప్టెంబరు 4న, రోజుల తరబడి కురిసిన వాన తర్వాత, సాయంత్రం వేళ కొండ విరిగి ఊరి మీద పడింది. సుమారు వెయ్యి మంది ఆ మట్టి కింద ఉండిపోయారు. కాస్త దూరంగా ఉండటంతో వెర్తెమాతే ఫ్రాంకీ కుటుంబపు వేసవి భవనం ఒకటి మిగిలింది. గోడలమీద బొమ్మలతో, చెక్కడపు పైకప్పులతో ఇప్పటికీ చూడవచ్చు. రాయి కోసం కొండను లోపల తొలుచుకుంటూ పోవడం కూడా ఆ ప్రమాదానికి ఒక కారణమని చెబుతారు. ఆ మాట విన్నాక నా చేతి సంచిలో పగిలిన గిన్నె వేరేగా బరువెక్కింది. ఇప్పుడక్కడ పచ్చిక, కొన్ని ఇళ్ళు, దూరంగా జంటగా దూకుతున్న అక్వాఫ్రాజ్జా జలపాతం. లియొనార్దో దా వించీ తన నోట్లలో ఈ జలపాతాన్ని ప్రస్తావించాడు.

దుకాణంలో పెద్దాయన నా పగిలిన గిన్నెను వెలుగుకు పట్టి చూశారు. వేలితో గీత వెంబడి రాశారు. "అమ్మా, మీరు దీన్ని ముందు అలవాటు చేయలేదు కదూ?" అని అడిగారు. మా అమ్మమ్మ కూడా సరిగ్గా ఆ మాటే అనేది, చిప్పను మంటకు అలవాటు చెయ్యాలని.

ఆయన రాయిని తిప్పుతూ తొలిచే లేత్ యంత్రం చూపించారు. పూర్వం నీటి చక్రంతో తిప్పేవారు, ఇప్పుడు మోటారు. తిరుగుతున్న రాయికి కొక్కెంలాంటి ఇనుప పనిముట్టు ఆనించి, ఒక రాతి దిమ్మలోంచే పెద్ద గిన్నె, దాని లోపలి నుంచి చిన్నది, దానిలోంచి ఇంకా చిన్నది తీసేవారట. ఉల్లిపాయ పొరల్లాగా. రాయి వృథా పోనివ్వరు. బల్లంతా పౌడరులాంటి పొడి. వేళ్ళ మధ్య రుద్దితే జారుడుగా, సబ్బులా తగిలింది. గిన్నె చుట్టూ రాగి పట్టీ బిగిస్తారు. ఆ పట్టీ గిన్నెను పట్టి ఉంచుతుంది. మన చిప్పలకు అది ఉండదు.

నా కొలతకు చేసివ్వడానికి మూడు వారాలు పట్టింది. జూలైలో మళ్ళీ వెళ్ళి తెచ్చుకున్నాను. నాలుగు కిలోల బరువు. రైల్లో ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను.

ఇక అలవాటు చేయడం. పెద్దాయన పద్ధతి ప్రకారం లోపలా బయటా నూనె రాసి ఆరనివ్వాలి, తర్వాత నీళ్ళు పోసి సన్నని సెగ మీద కాచాలి. అమ్మ ఫోనులో చెప్పిన పద్ధతిలో నూనెతోపాటు పసుపు, ఆ తర్వాత బియ్యం కడిగిన నీళ్ళు, చివర గంజి. రెండూ కలిపాను. ఐదు రోజులు రోజూ రాత్రి నూనె, పసుపు పట్టించాను. మొదటి రోజు రాయి నూనెను గటగటా తాగేసింది, ఐదో రోజుకు పైనే నిలిచింది. బూడిద రంగు పోయి నల్లటి నిగారింపు వచ్చింది. తర్వాత మూడు రోజులు కడుగు నీళ్ళు పోసి ఉంచాను. ఆ పైన రెండు రోజులు గంజి కాచాను.

పొయ్యి ఇంకో చిక్కు. మా అద్దె ఇంట్లో ఉన్నది ఇండక్షన్. దానిమీద రాయి వేడెక్కదు. మొదటి గిన్నెను పగలగొట్టిన విడి ఎలక్ట్రిక్ పొయ్యే మళ్ళీ దిక్కు. ఈసారి దానిమీద దోసెల ఇనుప పెనం పెట్టి, పెనం మీద చిప్ప పెట్టాను. వేడి ఒకచోట గుచ్చుకోకుండా సమంగా పరుచుకుంటుంది. చిప్పలో ముందే నీళ్ళు ఉండాలి, ఖాళీగా ఎక్కించకూడదు. వేడిగా ఉన్నప్పుడు చన్నీళ్ళు తగలనివ్వకూడదు. సబ్బు అసలు వద్దు.

పదకొండో రోజు పులుసు పెట్టాను. చింతపండు రసం, బెల్లం, మునక్కాయలు, ఉల్లిపాయలు. అమ్మ వీడియోలో చూస్తూ కూర్చుంది. ముప్పావుగంట ఏమీ కదల్లేదు, నాకు గుండె దడదడలాడింది. తర్వాత అంచు పక్కన ఒక బుడగ, ఇంకొకటి. కాసేపటికి చిప్పంతా కుతకుతలాడింది. గీత ఏమైనా పడుతుందేమోనని చెవి ఒగ్గి విన్నాను. ఉడుకు చప్పుడు తప్ప ఏమీ లేదు. తాలింపు వేసి పొయ్యి కట్టేశాను.

"పొంగుతోందే, ముందు పొయ్యి ఆపు," అంది అమ్మ.

"ఆపి ఐదు నిమిషాలైందమ్మా."

అమ్మ ఫోనును ముఖానికి దగ్గరగా తెచ్చుకుని ఇంకా ఉడుకుతున్న పులుసును చూస్తూ ఉండిపోయింది.